సెల్లారుకు రంగు

పద్నాలుగు మెట్లు దిగితే సెల్లారు.
పోయిన వేసవి దాకా మిరప టిక్కీలు నిద్రపోయిన చోటు.
ఊడ్చి, కడిగి, మళ్ళీ కడిగినా
గోరుతో గోడ గీకితే ఇప్పటికీ తుమ్ము వస్తుంది.

వచ్చే నెల నుంచి ఇక్కడ పిల్లలు పడుకోవాలి.
గోడౌన్లలో తొడిమలు తీసే తల్లుల పిల్లలు,
పద్దెనిమిది మంది,
ఇద్దరికి ఇంకా నడక రాలేదు.

వెలుగంటే ఒక్క కిటికీ.
కిటికీ అని మనం అనుకోవాలి గానీ
కప్పు కింద జానెడు కన్నం.
అందులోంచి ఏటుకూరు రోడ్డు కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి:
హవాయి చెప్పులు, సైకిలు చక్రం, ఒక మేక.
సాయంత్రం నాలుగింటికి ఎండ దిగుతుంది,
చేబదులు అడగడానికొచ్చిన మనిషిలా
గుమ్మం దగ్గరే నిలబడి
పావుగంటలో వెళ్ళిపోతుంది.

ఖాజావలి రంగుల పుస్తకాన్ని విసనకర్రలా విప్పాడు.
అన్నీ నేనెరగని ఊళ్ళ పేర్లు, తినని పండ్ల పేర్లు.
మేం మా పేర్లు పెట్టుకున్నాం.
ఇది ముంజె. ఇది ముంజె మీది పొర.
ఇది దుగ్గిరాల కొమ్ము అరగదీసిన మొదటి నీళ్ళు.
ఇది రెండోనాటి మజ్జిగ.
ఇదేమో, అతనే అన్నాడు, మా నానమ్మ దుప్పటి.

ముందు పసుపే అనుకున్నాను.
చీకటికి విరుగుడు పసుపేగా.
రెండడుగుల మేర పూసి ట్యూబులైటు వేస్తే
గోడకు పచ్చకామెర్లు వచ్చాయి.
"చీరనైతే బయటికి తెచ్చి చూస్తారమ్మా,
దీన్ని లోపలికి తెచ్చి చూడాలి" అన్నాడు ఖాజావలి,
బ్రష్షు కడుక్కుంటూ, నన్ను చూడకుండా.

ఓనరు శేషగిరి గారిది మెట్ల మీద నుంచే సలహా:
"ఎర్రగా కొట్టించండి. కళ. లక్ష్మి. గుంటూరు."
ఆ మూడూ ఆయనకి ఒకే మాట.

అప్పుడే దిగింది సలోమి, చోటు చూసుకుందామని,
పిల్లని మోచేతులతో ఎత్తుకుని,
రెండరచేతులూ గాలిలో దూరంగా పెట్టుకుని.
ఎరుపు మాట విని నవ్వింది.
"కళ్ళు మూసినా అదే కదండీ కనపడేది.
నా సంగతి సరే, దీని సంగతి చెబుతున్నా.
అమ్మని ముట్టుకోనివ్వని రంగు
దీనికి అదొక్కటే తెలుసు."

శేషగిరి గారు ఫోను వచ్చినట్టు పైకి వెళ్ళిపోయారు.

రెండోనాటి మజ్జిగ గెలిచింది.
కప్పుకి తెలుపు, దూలానికీ అదే తెలుపు.
దూలానికి వేరే రంగేస్తే నెత్తిమీద కూర్చుంటుందట.
మెట్ల అంచులకి ఖాజావలి
ఏదో ఆటో వీపుకి పూయగా మిగిలిన నీలం గీశాడు.
దానికి డబ్బులు పుచ్చుకోలేదు. పేరూ పెట్టలేదు.

బీరువా వెనక ఒక మూల మాత్రం లొంగలేదు.
మూడు కోట్లు పడ్డా లోపల్నుంచి ఎర్రగా ఊరుతోంది.
ఉండనీ.
బీరువాకి తెలిస్తే చాలు.

పిల్లలొచ్చిన మొదటి రోజు
నాలుగింటి ఎండ ఎప్పటిలాగే తొంగిచూసింది.
ఎక్కడ నిలబడాలో తెలియలేదేమో
గదంతా కూర్చుంది.
పావుగంట దాటాక కూడా చాలాసేపు
వెళ్ళిందో, ఉందో తేల్చుకోలేకపోయాం.

ఆరింటికి సలోమి. ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది.
పిల్ల గోడకి చెంప ఆనించి నిద్రపోతోంది.
తల్లి చెయ్యి ఆ గోడ దాకా వెళ్ళి
బెత్తెడు దూరంలో ఆగి
వెనక్కొచ్చి కొంగులో దాక్కుంది.

ఇన్నాళ్ళూ వెలుగు లెక్కలే చూశాను,
ఈ చేతిని లెక్కలో వేసుకోలేదు.
రేపు ఖాజావలిని అడగాలి,
కారం చెయ్యి ఆనినా మరక పడని రంగుందా అని.
లేదంటాడా,

మరక పడే రంగే
ఇంకో కోటు.