పెయింటింగుకి ఒక నెల

వకీలు మనిషికి నలభై వేలు అడిగాడు.
బయటికొచ్చి, మెట్లు దిగకముందే
వద్దులే, మనమే రాసుకుందాం అన్నాడు రఘోత్తమ్.
సరే అన్నాను.
రెండేళ్లలో మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడింది అక్కడే.

అందుకే ఈ ఆదివారం
జయనగరలో, నిలబడి తినే హోటల్లో
ఎత్తు బల్ల మీద లాప్‌టాప్ తెరిచి
పదకొండేళ్లని గళ్లల్లోకి దించుతున్నాం.
అతని గడి, నా గడి,
మధ్యలో ఇంకా ఎవరిదీ కాని పసుపు గడి.
పక్క బల్ల దగ్గర ఎవరో బై టూ కాఫీ పంచుకుంటున్నారు.
మావి రెండు కాఫీలు. రెండు బిల్లులు.

వాషింగ్ మెషీన్ నాకు.
స్కూటరు అతనికి, దాని అప్పుతో సహా.
నా నానుతాడు కుదువలో ఉంది,
ఎవరి షాపు కోసం పెట్టామో నేను ఎత్తలేదు.
అతనే కొట్టాడు: విడిపించి ఇచ్చే బాధ్యత మొదటి పార్టీది.
మొదటి పార్టీ అంటే అతను,
స్టాంపు పేపరు కొన్నాడు కాబట్టి.
శుభలేఖలో నా పేరు ముందుండేది,
అచ్చేయించింది మావాళ్లు కాబట్టి.

హొసకోటె దగ్గర మూడో అంతస్తులో మాకో ఇల్లుంది.
బిల్డరు రెండో అంతస్తు దాకే కట్టాడు.
గాలిలో ఉన్న ఆ రెండు గదులకి
నాలుగేళ్లుగా వాయిదాలు కడుతున్నాం.
నువ్వు తీసుకో, అన్నాం
ఇద్దరం ఒకేసారి.
చాలా రోజులకి నవ్వొచ్చింది.
నవ్వాక లెక్క ఇంకా కష్టమైంది.

ఇంటాయన దగ్గర పది నెలల అడ్వాన్సు,
రెండు లక్షల ఇరవై వేలు.
చెరిసగం, తేలికే అనుకున్నాం.
కానీ ఈ ఊళ్లో ఇల్లు వదిలేటప్పుడు
పెయింటింగుకని ఒక నెల అద్దె పట్టుకుంటారు.
మనం ఉన్నట్టు కనపడకుండా చేసే ఖర్చు
మన దగ్గరే.
ఆ ఇరవై రెండు వేలు ఎవరివి?
వంటింటి గోడ జిడ్డంతా నీదేగా అన్నాడు.
గడియారం తగిలించడానికి హాల్లో నువ్వు పొడిచిన బెజ్జాలో,
ఐదు, అన్నాను.
ఆరు, అన్నాడు.
ఆరోది క్యాలెండరు వెనకుంది, నీకు చెప్పలేదు.
ఇంకేం దాచావని అడగలేదు.
చెరిసగం అని కొట్టాను.

చీటీ ఒకటి మిగిలింది,
మారతహళ్లి సుగుణమ్మగారి దగ్గర, ఇద్దరి పేరునా.
ఆలోచించుకోమని కోర్టు ఆరు నెలలు ఇస్తుందట.
చీటీకి ఇంకా ఎనిమిది నెలలుంది.
మధ్యలో మానేస్తామంటే ఆమె ఊరుకోదు,
పెళ్లిలాంటిది కాదు చీటీ.
కాబట్టి అన్నీ అయిపోయాక కూడా రెండు నెలలు
ఐదో తారీఖున ఆమె నోటుబుక్కులో
మేము మొగుడూ పెళ్లాలమే.
రాయి, అన్నాను. రాశాడు.

ప్రింటు తీస్తూ షాపబ్బాయి
బాడిగె అగ్రిమెంటా సార్ అన్నాడు.
హౌదు, అన్నాడు రఘోత్తమ్.
నేను కాదనలేదు.
ఆ అబ్బాయి పిన్ను కొట్టి, పేజీకి పది తీసుకున్నాడు.

నాకివ్వాల్సినదాంట్లో మొదటి భాగం రేపు పంపుతానన్నాడు.
ఖాతా నంబరు సరిగ్గా ఉందో లేదో చూద్దామని
ముందు ఒక్క రూపాయి వేశాడు.
ఎదురెదురుగా నిలబడే ఉన్నాం.
నా చేతిలో ఫోను మోగింది.
వచ్చిందా?
వచ్చింది.

హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు.
నేను మళ్లీ షీటు తెరిచి కిందిదాకా చూశాను.
పసుపు గడి ఒక్కటీ లేదు, మొత్తాలు సరిపోయాయి.
ఆ రూపాయి మాత్రం
ఎక్కడా లేదు.