జానెడు

డండీలో, టే నది మీది గాలి
కిటికీ అద్దాన్ని పిడికిలితో గుద్దుతున్న పూట
షోనా మెకాలిస్టర్ ఒంటికి
మెరిసే బొట్లు అంటిస్తున్నాను.
మెడ కింద ఒకటి, నడుముకి రెండు,
మోకాలి చిప్పకి అటూ ఇటూ.
"క్రిస్మస్ చెట్టునైపోయాను" అంది.

నేలకి గొలుసు. గొలుసుకి పిడి.
లాగాలి. అది కదలదు, కదలకూడదు.
కదలనిదాన్ని ఎంత గట్టిగా అడిగావన్నదే
ఈ గదిలో బలమంటే.

పొద్దున క్రెయిగ్ వచ్చాడు, ఫైర్ స్టేషన్ కుర్రాడు.
వంగి, వీపుతో ఒక్క గుంజు గుంజాడు.
తెరమీద గీత తాటిచెట్టులా లేచి
కొసన కాసేపు వణికింది.

షోనా అలా కాదు.
తుంటిని వెనక్కి దించి, మోకాళ్ళు ఎడం చేసి
బిందెని చంకకెత్తుకునే ముందులా
పిడి దగ్గరికి జరిగింది.
గీత మెల్లగా పాకి, ఓ మెట్టు మీద కూర్చుంది.
అతని అంకెలో సగం, ఇంకాస్త.

"ఇదిక్కడ బిగించిందెవరు?"
నేను కాదు. నాకు ముందువాళ్ళు.
వాళ్ళకీ ముందు, ఎవరిదో ఒక మగ మోకాలు.
పానా తీసి జానెడు పైకి జరిపాను.
ఎవరి జాన అంటే, నాదే.
మళ్ళీ లాగింది. అంకె పెరిగింది.
క్రెయిగ్‌ని దాటలేదు, అబద్ధమెందుకు.
మొదటి అంకె మాత్రం
ఆమెది కాదని ఇద్దరికీ తెలిసిపోయింది.

మా చిట్టివలస మిల్లులో అప్పలనర్సమ్మ
గోగునార కట్టని తొడమీదికి లాక్కుని
పొట్టకి ఆనించుకుని, అప్పుడు లేచేది.
బరువు ఒంటికెంత దగ్గరైతే నడుముకంత తేలిక:
అదే మాట ఇక్కడ పుస్తకంలో చెప్పారు నాకు
బాణం గుర్తులేసి, బొమ్మతో సహా.
ఈ ఊళ్ళోనూ ఒకప్పుడు నార మిల్లులేనట.
ఆ కట్టలకీ పిడులుండి ఉండవు.

"మా కేర్ హోంలో మిస్టర్ పెట్రీకీ పిడి లేదు" అంది షోనా
కోటు తొడుక్కుంటూ.
"నా మెడ పట్టుకుంటాడు.
పైగా కదుల్తాడు.
నిన్న రాత్రయితే, ఎత్తుతుంటే, పాట కూడా పాడాడు."

ఫారంలో గళ్ళున్నాయి:
ఆడ, మగ, వయసు, ఎత్తు, కిలోలు.
జరిపిన జానెడుకి గడి లేదు.
అంచున పెన్సిల్తో రాశాను,
ఎవరైనా చెరిపేస్తారేమో.

సాయంత్రం బొట్లు లెక్కపెట్టి డబ్బాలో వేస్తే
ఒకటి తక్కువైంది.
నడుముదే అయుంటుంది.
ఈపాటికి ఆమె మిస్టర్ పెట్రీ మంచం మీదికి వంగి ఉంటుంది.
ఎవరైనా లైటు వేస్తే
మెరుస్తుంది.