దించేటప్పుడు నిదానం

ఆదోని తాలూకాఫీసు జెండాకు
ఆషాఢం గాలి తగిలి పచ్చ అంచు చీలింది.
రోంత చీలికే. జానెడు.
కుట్టేద్దామా అన్నాను, కొత్తగా చేరినదాన్ని.
అటెండరు దస్తగిరి నా వైపు చూడలేదు.
"చినిగినాక అది మళ్లీ పైకి పోగూడదమ్మా."

ముప్పై ఒక్క ఏండ్లు తాడు లాగిన చేతులు.
ఎక్కించేటప్పుడు చురుగ్గా,
దించేటప్పుడు నిదానం,
నిద్రపోయిన బిడ్డను భుజం మీంచి
నులకమంచం మీదికి దించినంత నిదానం.
తొంభై తొమ్మిదిలో ఒకసారి కాషాయం కిందికొచ్చిందంట,
మెమో ఇచ్చినారు.
ఆ కాగితం ఇంకా జేబులో ఉన్నట్టే
ప్రతిసారీ ముడిని రెండుసార్లు తడుముతాడు.

పద్నాలుగో తేదీ. ఆఫీసు ఖాళీ అయినాక
చేతులు కడుక్కుని రమ్మన్నాడు.
నా వేళ్లకు స్టాంపు ప్యాడు ఊదా మరక, ఎంత రుద్దినా పోలేదు.
"పోదులే. అది గవర్నమెంటు రంగు."
ఆ ఒక్కసారే నవ్వినాడు.

చెరొక కొస పట్టుకున్నాం.
తెలుపు కిందికి కాషాయం, తెలుపు కిందికే పచ్చ,
ఆ పైన అటొక మడత, ఇటొక మడత.
చక్రం పైకి చూస్తా మిగిలింది,
పక్కన రోంత కాషాయం, రోంత పచ్చ.
రెండు అరచేతుల మీద పెట్టుకుని
రికార్డు రూము వెనక్కి నడిచినాడు,
ముందర నేను తలుపులు తీస్తా.

కొత్త ఇత్తడి బేసిను. బిల్లు పెట్టలేదు, సొంత డబ్బు.
ఫోను తీశాను, వెలుతురుకే.
"లోపల పెట్టమ్మా. ఒకరు చూడాల్సిన పని కాదిది."

ఖద్దరు తొందరగా అంటుకోదు.
అంటుకున్నాక,
జిన్నింగు మిల్లులో మంటలు లేచిన రాత్రి
మా నాయన చొక్కాకు పట్టిన వాసన.
చక్రం అన్నిటికంటే ఆఖర్న పోయింది.
దస్తగిరి పెదవులు కదిలినాయి.
జనగణమనో, దువానో,
నేనడగలేదు.

మిగిలింది పిడికెడు బూడిద.
రూలు పుస్తకంలో కాల్చమని ఉంది,
బూడిద మాట లేదు.
"చదువుకున్నదానివి, చెప్పు" అన్నాడు.
నాకూ తెలీదు.

తెల్లారి కొత్త జెండా విచ్చుకుంది.
బంతి రెక్కలు తాసిల్దారు బట్టతల మీద రాలితే
బడిపిల్లోళ్లు కిసుక్కున నవ్వినారు.
దస్తగిరి మాత్రం ముడినే చూస్తున్నాడు.

మార్చిలో ఆయన రిటైరయినాడు.
బేసిను ఇంకా రికార్డు రూములోనే,
పాత అడంగళ్ల పక్కన, పైన పళ్లెం మూసి.
కదపొద్దని ఊడ్చే లింగమ్మకు చెప్పినాను.
"ఏముందమ్మా అందులో?"
అప్పట్నుంచి
ఆలోచిస్తానే ఉన్నా.