ఇసుకకు నాలుగొందలు

కరకంబాడి రోడ్డులో బండ్లు బాడుగకిచ్చే పిల్లోడు
నా లైసెన్సును ముందూ వెనకా తిప్పి చూసి
"తోలడం బాగా వచ్చు గదానా?" అన్నాడు.
పందొమ్మిదేళ్ళుగా కొండ మలుపులు తోలినోణ్ణి,
"ఏదో, రొంత వచ్చులేబ్బా" అన్నాను.

ఐదువేలు డిపాజిట్టు, నా మోటారుసైకిలు తాళం,
మూడొందల కిలోమీటర్ల కట్టుబాటు.
బండి మీదున్న పాత గీతలన్నిటికీ ఫోటోలు తీసినాడు.
వాడు చూడని గీత ఒకటి నేనే చూపించినాను.
పసుపు పలక మీద నల్లంకెలు నా బతుకు.
ఇదేమో నల్ల పలక, పసుపంకెలు,
చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుండె.

వెనక తలుపు తీసి పట్టుకున్నాను, అలవాటు.
కుప్పమ్మ నన్ను ఎగాదిగా చూసి
ముందుకు పోయి కూర్చునింది,
ఒళ్ళో పెరుగన్నం డబ్బా, కవర్లో మార్చుకునే చీర.
నేను తోలే బండిలో ఆమె ఎక్కడం ఇదే మొదలు.
నా బండిలో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు:
గుండు మీద గంధం ఆరని వాళ్ళు,
మలుపు మలుపుకీ కక్కే పిల్లోళ్ళు,
నా పేరు అడక్కుండానే
వాళ్ళింటి గొడవలన్నీ నా వీపుకు వినిపించేవాళ్ళు.

రేణిగుంట, కాళహస్తి, నాయుడుపేట.
ఎనభై దాటితే బండి కుయ్యిమంటుంది.
"ఎవురో తిడతా ఉండారు" అనింది కుప్పమ్మ.
చిట్టమూరు దాటినాక గాలి ఉప్పగా మారింది.
రొయ్యల గుంటల్లో చక్రాలు నురగ చిమ్ముతా ఉంటే
"ఇదేనా సముద్రం?"
"కాదు మే, ఇంకా పోవాల."

తూపిలిపాళెంలో సరుగుడు తోపుకాడ రోడ్డు అయిపోయింది.
అప్పుడే ఫోను.
"అన్నా, తడి ఇసకలో దించొద్దు, ఇరుక్కుంటాది.
మ్యాపులో నీ చుక్క కనపడతా ఉంది."
వాడికి మేమిద్దరం కలిసి ఒక చుక్క.

సత్రంలో దినానికి నూరు దుప్పట్లు ఉతికే మనిషి
అలల ముందర చాలాసేపు గమ్మున నిలబడింది.
"ఉతికేదే గానీ
ఆరేసేది లేదు దీనికి" అనింది.
అల వెనక్కి పోతా ఉంటే వంగి దాని అంచు పట్టుకోబోయి
రెండో కొస పట్టుకోమన్నట్టు నా వైపు చూసింది.
పట్టుకున్నాను.
నడుం దాకా తడిసినాం.
పెరుగన్నంలో ఇసుక కరకరమన్నా ఇద్దరం ఉమ్మలేదు.

మిట్టమధ్యాన్నం వెనక సీట్లో నడుం వాల్చినాను.
లేచి చూస్తే స్టీరింగు ముందర ఆమె!
తాళం నా జేబులోనే ఉండాది.
ఇద్దరు బిడ్డల చేతులు పట్టుకున్నట్టు
చక్రాన్ని రెండు పక్కలా పట్టుకోనుండాది,
కాళ్ళకు పెడళ్ళు అందడంలేదు.
అద్దంలో నన్ను చూసి, నా గొంతు పెట్టి అడిగింది:
"యాడికి పోవాల సార్?"

ఇన్నేళ్ళూ ఆ అద్దంలోంచి చూసేది నేను.
అందులో నన్ను చూసినోళ్ళు లేరు.
ఎక్కినోళ్ళందరికీ నోటి చివర ఉండే జవాబు
నాకు మాత్రం దొరకలేదు.
ఆమె ఒకతూరి హారను కొట్టింది.
తోపులోంచి కాకులు లేచి పోయినాయి.
"బిన్నా చెప్పండి సార్,
వెయిటింగు చార్జీ పడతా ఉంది" అనింది.

రాత్రి పది. పిల్లోడు టార్చి వేసి గీతలు లెక్కపెట్టినాడు.
కొత్తవి లేవు.
కాళ్ళ కింది పట్టా ఎత్తి దులిపి
"ఇసకకు నాలుగొందలు, అన్నా" అన్నాడు.
"కొలిచి తీసుకో నాయనా,
మిగిలింది మాకియ్యి" అనింది కుప్పమ్మ.
వాడికి నవ్వు రాలేదు. మాకు ఇల్లు చేరేదాకా ఆగలేదు.

తెల్లారుజామున నాలుగున్నర.
పసుపు పలక బండి, వెనక నలుగురు.
అలిపిరి దాటి మూడో మలుపులో
బ్రేకు మీద కాలు పెడితే చెప్పులో ఏదో గుచ్చుకునింది.
"డ్రైవర్, ఇంకెంత దూరం?"
వచ్చేస్తాం సార్, అన్నాను.
ఆ పలుకును దులిపేదానికి
బండి ఆపలేదు.