మూడో మూల

గ్రీమ్స్‌పేట బెల్లం మండీలో కొత్త షెడ్డు.
మా నాయన చెంగల్రాయుడు
నేలమీద సుద్దముక్కతో త్రిభుజం గీసి పెట్టుకున్నాడు,
ఒక మూల ముప్పై ఏడు, ఒక మూల తొంభై ఆరు.
మూడో అంకె
దిమ్మెలు మోసే మునెయ్య కాలికింద చెరిగిపోయింది.
గీత పొడుగునా ఈగలు.

"ఎంతబ్బయా అది?"
వెల్డింగు అద్దం నొసటి మీదికి నెట్టి అడిగినాడు.
నోట్లోనే కూడినాను: నూట ముప్పై మూడు.
నూట ఎనభైలో తీసేస్తే
నలభై ఏడు.
రెండు దొరికినాక మూడోది ఎక్కడికి పోతుంది?
ఎనిమిదో తరగతిలో నాకున్న ధైర్యమంతా
ఆ ఒక్క మాటే.

రాడ్డు కోసి నిలబెట్టినాడు.
సరిగ్గా కూర్చుంది,
వెలుతురు దూరే సందు కూడా లేదు.
నేనింకా నవ్వుతానే ఉండాను,
ఆకురాయి తీసి
కొసను గోటి మందం అరగదీసినాడు.

"లెక్క తప్పా నాయనా?"

"లెక్క సరే.
మే నెల ఎండ మీ బడికి రాలేదు గదా.
ఇనుముకూ ఊపిరాడల్ల."

ఆ రాత్రి నోటుబుక్కులో నలభై ఏడు రాసి
పక్కన, మార్కులు పడని చోట,
గోటితో చిన్న గీత గీసినాను.