కాటా ఇనుము

బండి పేరు నీవా.
మన చెవికి ప్రశ్నలా తగులుతుంది గానీ
రష్యన్‌లో పంటచేను అని అర్థం.
బురుల్ దాన్ని ఏమని పిలుస్తుందో
వాగు మధ్యలో ఆగిపోయిన రోజున విన్నవాళ్లకే తెలుసు.

ఆమె పశువుల డాక్టరు, నరీన్ కొండల్లో.
పోయిన వసంతంలో అటు ఒడ్డున
ఒక గుర్రం ఈనలేక పొర్లుతుంటే
ఇటు ఒడ్డున చక్రాలు బురద తవ్వుతూ కూర్చున్నాయి.
చేరేసరికి మిగిలింది, కాగితం మీద సంతకం.

అందుకే ఈ చలికాలం సతార్ కొట్టంలో
ముందు అట్టతో ఒక బంపరు తయారైంది.
టీ పెట్టెల అట్టలు, సుద్దముక్క, పిల్లాడి స్కేలు.
బండి ముక్కుకు ఆనించి చూసి, అంచు కోసి,
మళ్లీ ఆనించి, దర్జీలా ఒక కన్ను మూసి
సతార్ అన్నాడు:
"తప్పులన్నీ అట్టమీదే చెయ్యి. అట్ట అలగదు."

ఇనుము
మూతపడ్డ సమష్టి క్షేత్రంలోని లారీ కాటాది.
ముప్పై ఏళ్లు ఊలు తూచింది.
ఊలు మీద నీళ్లు చల్లి తెచ్చినవాళ్లనూ తూచింది.
గ్రైండరు పెడితే తుప్పు రాలి తెలుపు తేలింది;
"కాటా 3" అన్న అక్షరాలు మాత్రం
చెరపబుద్ధి కాలేదు ఎవరికీ.

వెల్డింగు కడ్డీలకు చెమ్మ పట్టింది.
సాలికా రొట్టెలు తీసిన పొయ్యిలోనే ఆరబెట్టారు.
ఆ పూట రొట్టె ఇనుము వాసనేసిందని సతార్,
నీ అతుకే రొట్టె వాసనేస్తోందని సాలికా.

"ఒకేచోట కూర్చోకు," మాస్కు వెనకనించి గొంతు,
"ఇక్కడో బెత్తెడు, అక్కడో బెత్తెడు.
వేడికి వంగిపోతుంది."

బురుల్ వేసిన అతుకు
కోడి గెలికిన పెంటలా వచ్చింది.
సతార్ సుత్తితో ఒకటిచ్చాడు. పట్టుకుంది.
ఇంకొకటిచ్చాడు.
"అందం నీ ఆవులకు చూపించుకో," అని వదిలేశాడు.

బోల్టు రంధ్రం నాలుగు మిల్లీమీటర్లు పక్కకు పోయింది.
అది ఎవరి తప్పో తేలక రెండు రోజులు మాటల్లేవు.

ఈ బండికి వేరే చాసిస్ లేదు, రేకే ఒళ్లు, రేకే ఎముక.
నాలుగు టన్నులు లాగే వించిని ఉత్త మూతికి కడితే
బండి వాగులో ఉండిపోయి
మూతి ఒక్కటే గట్టెక్కుతుంది.
అందుకని లోపల్లోపల, చక్రాల వెనక దాకా
రెండు పట్టీలు పాకించారు.
బయటికి కనపడవు.
మూడొంతుల పని అక్కడే పోయింది.

మే నెల. రంగు ఆరింది. కేబులు చుట్టారు.
వచ్చినవాడల్లా బంపర్ని తట్టి, తలాడించి పోయాడు.
అప్పుడడిగాడు ఎర్మెక్, తొమ్మిదేళ్లవాడు:
"మరి కొక్కెం దేనికి తగిలిస్తారు?"

పైన పచ్చికబయళ్లలో చెట్టన్నదే లేదు.
రెండు రోజుల నడకలో ఒక్క మోడైనా తగలదు.
సతార్ టోపీ తీసి, బుర్ర గోక్కుని,
టోపీ పెట్టుకున్నాడు.

జూన్ మొదటి వానకు మళ్లీ అదే వాగు.
దీపాల దాకా నీళ్లు.
నీవాలో స్టెప్నీ ఉండేది బానెట్టు కిందే;
బురుల్ దాన్ని ఊడదీసి
ఒడ్డుకు దొర్లించుకుపోయింది, పార భుజాన వేసుకుని.
తవ్వింది. మోకాలి లోతు. తొడ లోతు.
చక్రాన్ని గోతిలో నిలబెట్టి
కేబులు దాని నడుముకు బిగించి
మట్టి కప్పి, రాళ్లు పేర్చి, ఎక్కి తొక్కింది.

స్విచ్చి నొక్కితే
ముందు ఏమీ కాలేదు.
తర్వాత కేబులు సన్నగా కూసింది.
మట్టి బెత్తెడు ఉబ్బి, ఆగింది.
కోడి గెలికిన అతుకు దగ్గర ఏదో మూలిగింది,
ఆమె అటు చూడలేదు.
నీళ్లు కార్చుకుంటూ కాటా 3 ఒడ్డెక్కింది.

పూడ్చినదాన్ని తవ్వి తీయడానికి ఇంకో గంట.
స్టెప్నీ వదిలేసి పోలేం కదా.

పైన గుడారం దగ్గర గుర్రం
ఎవరి సాయమూ లేకుండా ఈనేసి ఉంది.
పిల్ల లేవబోయి, పడి, మళ్లీ లేవబోతోంది.
బురుల్ మట్టిచేతులతోనే కుమిస్ గిన్నె అందుకుని
ఎవరినీ కాకుండా అడిగింది:
"ఎంత తూగుతుందంటారు?"