బిస్కెట్ డబ్బా

బర్మింగ్‌హామ్‌లో మా పేట హాలు తాళాలు నా దగ్గరే ఉంటాయి.
నెలకో మంగళవారం
పోలీసులూ పేటజనమూ ఎదురెదురుగా కూర్చుంటారు.
నలభై కుర్చీలు వేస్తాను.
పదకొండు నిండుతాయి.
ఇంకొన్నింటి మీద తడిసిన కోట్లు కూర్చుంటాయి.

ఆ రోజూ వానే. హీటరు ముసలాడిలా దగ్గుతోంది.
ఇన్‌స్పెక్టర్ హోల్‌రాయిడ్ గోడ మీద గీతలు చూపిస్తున్నాడు,
నీలిది ఎలా దిగిందో, నారింజది ఎలా నిలకడగా ఉందో.
చెడ్డవాడు కాదు. తాగిన కప్పు తనే కడుగుతాడు.
గీతలకు ముఖాలుండవు గనక
అప్పటిదాకా ఎవరికీ కోపం రాలేదు.

వెర్నెల్లా లేచింది.
ఆసుపత్రి రాత్రి డ్యూటీకి వెళ్ళాల్సిన మనిషి,
యూనిఫాం మీద కోటు, చంకలో బిస్కెట్ డబ్బా.
మూత మీద రాణిగారికి ఒక కన్ను చెరిగిపోయింది.
అరుస్తుందనుకున్నాం.
మినిట్స్ రాసే అమ్మాయి పెన్ను గాల్లోనే ఆపింది.
అరవలేదు. డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టి
"చదవండి సార్," అంది,
"మీవాళ్ళ చేతిరాత నాకు అంతుపట్టదు."

ఆపి సోదా చేసినప్పుడల్లా చేతిలో పెట్టే చీటీలు.
పందొమ్మిది. అన్నిటి మీదా ఒకే పేరు, కెమార్.
ఆమె కొడుకు.

కారణం: వేగంగా నడుస్తున్నాడు. దొరికింది: ఏమీ లేదు.
కారణం: మరీ నెమ్మదిగా నడుస్తున్నాడు. ఏమీ లేదు.
కారణం: పోలికలు సరిపోయాయి.
ఎవరి పోలికలో రాయలేదు.
కారణం: జేబులో గట్టి వస్తువు.
దొరికింది: ట్రంపెట్ మూతిముక్క.

మొదట్లో ఆయన గొంతు సర్కారు గొంతే.
ఆరో చీటీ దగ్గర ఆమె చెయ్యెత్తింది.
"ఎత్తు కూడా చదవండి సార్. మొదటినుంచీ."

నాలుగడుగుల పదకొండు.
ఐదడుగుల ఒకటి.
ఐదడుగుల రెండున్నర. ఆ అర ఎవరో శ్రద్ధగా రాశారు.
ఐదడుగుల ఆరు.
ఆరడుగులు.

"మా చెల్లెలింట్లో తలుపు చెక్క మీద పెన్సిలు గీతలున్నాయి,
ఏ పుట్టినరోజుకి ఏ పిల్ల ఎంతైందో.
నాకు అన్నీ రాత్రి డ్యూటీలు, గీయడం కుదర్లేదు.
మావాడికి మీరే గీశారు."

గోడ మీద నీలిగీత ఇంకా వెలుగుతూనే ఉంది.
దాన్ని ఆర్పాలని ఎవరికీ తోచలేదు.

నా సంగతి అక్కడ ఎవరూ అడగలేదు. చెప్పనూ లేదు.
ఐర్లాండ్ నుంచి వచ్చిన కొత్తలో, ఈ ఊళ్ళోనే,
బస్సులో టిక్కెట్టు అడిగిన యాస విని నన్ను దింపేశారు.
రెండు రాత్రులు. చీటీ గీటీ ఏమీ లేదు.
ఆ తర్వాత బస్సెక్కితే
సరిపడా చిల్లర పెట్టి నోరు మూసుకు కూర్చునేవాణ్ణి.
పోయేదాకా మా ఆవిడ అనుకుంది,
నేను పుట్టుకతోనే మితభాషినని.

ఆఖరి చీటీని ఆయన దీపం కిందికి జరిపాడు.
"ఈ నంబరు చెరిగిపోయింది," అన్నాడు.
"వానలో రాసినట్టున్నారు."
"మావాడూ వానలోనే నిలబడ్డాడు సార్.
వాడు చెరిగిపోలేదు."

ఎవరో కనుక్కుని ఉత్తరం రాస్తానన్నాడు.
మినిట్స్‌లో అది ఏడో అంశం.
చీటీలన్నీ తనే వరసగా పేర్చి, మూత పెట్టి,
డబ్బా రెండు చేతులతో తిరిగిచ్చాడు.
అది మర్యాదో, భయమో, నాకు తెలియలేదు.

మూడు మంగళవారాలు గడిచాయి.
ఉత్తరం రాలేదు.
ఆమె వస్తోంది. తలుపు పక్క కుర్చీ, ఒళ్ళో డబ్బా,
వంతు రాగానే "ఏడో అంశం" అంటుంది. అంతే.
పోయిన నెల పంతొమ్మిది మంది వచ్చారు.
ఇద్దరు షూ పెట్టెలు తెచ్చుకున్నారు.

నేనిప్పుడు హీటరు అరగంట ముందే వేస్తున్నాను.
నిన్న బస్సులో డ్రైవరుతో వాన గురించి మాట్లాడాను,
నా యాసతోనే,
దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా.